మునగలగొంది విత్తనాల గది

ట్రిప్పు 17. సోమవారం. ఎగువకి.

రాజమహేంద్రి రేవులో ఏడుంబావుకి లంగరెత్తాం. ప్రయాణికులు నలభై ఇద్దరు. పొగమంచు గొట్టాలు ఇరవై నాలుగులో రెండు నాచు పట్టి మూసుకుపోతే సూది పెట్టి పొడిచి బాగుచేశాను. గొట్టాలు సరిగ్గా పనిచెయ్యకపోతే నీడలకి చేతులుండవు. పోయినేడాది ఒక పెద్దాయన పాత రాజమహేంద్రి కంచరి వీధి చూసి, "చేతుల్లేకుండా వీళ్ళు బిందెలెలా కొడుతున్నారమ్మా?" అని అడిగాడు. అప్పట్నించీ పొద్దున్నే నా మొదటి పని గొట్టాలే.

కంపెనీ లాగ్‌బుక్ వేరే ఉంది. ఇది నేను సొంతంగా రాసుకునే నోట్‌బుక్. నా పేరు నూకరత్నం. ఈ లాంచీ మీద నీడల పని నాది, ఇది ఆరో ఏడు. గోదారి ఇప్పుడు ఒకదాని వెనక ఒకటిగా పెద్ద చెరువుల్లా నిలబడిపోయింది. పాత పట్నాలూ, కొండ కింద ఊళ్ళూ అన్నీ నీటి అడుగున ఉన్నాయి. లాంచీ ఒక్కో ఊరి మీదకి రాగానే నేను పొగమంచు వదుల్తాను. అందులో ఆ ఊరు లేచి నిలబడుతుంది. వీధులు, అరుగులు, మనుషులు. ఆ పొగ మనుషుల్నే నీడలంటాం. కోటగుమ్మం దగ్గర పూలమ్మే ఆవిడ ఏ పువ్వు కావాలో అడుగుతుంది. జనం ఫొటోలు తీసుకుంటారు.

ఈ ఏడు ఒక మార్పు జరిగింది. ఇదివరకు ఒక్కో నీడకి ఐదారు మాటలే వచ్చేవి. ఊళ్ళు ఖాళీ చేయించే ముందు మూడేళ్ళపాటు గోడల్లో శనగగింజంత "చెవులు" పెట్టి అక్కడి మాటలన్నీ పట్టారు. వాటిలో బాగున్నవి ఏరి వాడేవాళ్ళు. ఈసారి కంపెనీవాళ్ళు ఏరలేదు, ఉన్నవన్నీ ఎక్కించేశారు. ఇప్పుడు ఏమడిగినా నీడలు జవాబు చెబుతున్నాయి.

పదకొండూ ఇరవైకి మునగలగొంది. అరవయ్యొక్క గడపల కొండరెడ్ల ఊరు. అక్కడ విత్తనాలు దాచుకునే సిమెంటు గది అరుగు మీద పండమ్మ అనే ఆవిడ నీడ వెదురు బుట్ట అల్లుతూ కూర్చుంటుంది. ముప్పయ్యేళ్ళుంటాయి. "కూకోండయ్యా, ఎండన పడొచ్చారు" అంటుంది. పిల్లలకి ఆవిడంటే ఇష్టం.

ఇవాళ బుట్ట సగంలో ఆపింది. వెనక్కి తిరిగి గది తలుపు వైపు చూసింది. "పడవన్నా, తాళం తియ్యి. నేను లోపలున్నాను" అంది. మళ్ళీ ఇటు తిరిగి బుట్ట అల్లుకుంది.

జనం చప్పట్లు కొట్టారు.

నేను ముందుకెళ్ళి, లాంచీ నడిపే సరంగు బంగారయ్య బాబాయిని అడిగాను, "విన్నావా బాబాయ్?" అని. ఆయనకి అరవై నాలుగు. నలభయ్యేళ్ళుగా ఈ నీళ్ళ మీదే ఉన్నాడు.

"మోటారు చప్పుడులో ఏం వినబడద్ది అమ్మాయ్" అన్నాడు.

ఈ లాంచీ మోటారుకి చప్పుడే ఉండదు.


ట్రిప్పు 18. గురువారం. దిగువకి.

భద్రాద్రి రేవులో ప్రయాణికులు మారారు. ముప్పై ఎనిమిది మంది. వంటాయన పులస అడిగిన వాళ్ళందరికీ ఇది కాలం కాదని నచ్చజెప్పలేక చచ్చాడు.

మునగలగొందిలో మళ్ళీ అదే. ఈసారి ఇంకో మాట కలిసింది. "నీళ్ళు గడప దాకా వచ్చాయి." గొంతులో కంగారు లేదు. పొయ్యి మీద ఎసరు కాగిందని చెప్పినట్టే చెప్పింది.

మేనేజరుకి ఫోన్ చేశాను. నీడ తప్పు మాట్లాడుతోంది, చూడండన్నాను. నవ్వాడు.

"తప్పేంటి నూకరత్నం గారూ? జనం దాని గురించే రాస్తున్నారు. మొన్నటి ట్రిప్పులో అన్ని ఊళ్ళకంటే మంచి పేరు ఆ ఊరికే వచ్చింది. ముట్టుకోకండి."

"అది నిజంగా ఎవరిదో మాటలా ఉందండి."

"అన్నీ నిజంగా ఎవరివో మాటలే కదండీ" అన్నాడు.


ట్రిప్పు 19. సోమవారం. ఎగువకి.

బంగారయ్య బాబాయి మునగలగొంది దగ్గర దారి మార్చాడు. ఎప్పుడూ ఊరికి నడిమధ్య నుంచి పోయే లాంచీని ఎడం కొండ పక్కగా పోనిచ్చాడు. నీడలు సగం మందే వచ్చారు. పండమ్మ రాలేదు, గొంతు మాత్రం పొగలోంచి వచ్చింది. "పడవన్నా."

ప్రయాణికులు గొడవపెట్టారు. దాని కోసమే వచ్చామన్నారు. సాయంత్రం మేనేజరు బాబాయికి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాడు. బాబాయి "సరేనండి, సరేనండి" అంటూ విన్నాడు. అన్నం తినలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.


ట్రిప్పు 20. గురువారం. దిగువకి.

కాలేజీ పిల్లలు ఎక్కారు, ఇరవై మంది. పండమ్మ "పడవన్నా, తాళం తియ్యి" అనగానే వాళ్ళలో ఒకడు రెయిలింగు మీదకి వంగి, "వచ్చేస్తున్నాం అక్కా!" అని అరిచాడు. అందరూ నవ్వారు.

నీడలు ఇప్పుడు వింటాయి కదా. పండమ్మ లేచి నిలబడింది. ఇన్నేళ్ళలో నేనా నీడ లేవడం చూడలేదు.

"వస్తన్నారా? తొందరగా రండి. నీళ్ళు వెంటిలేటరు దాకా వచ్చాయి. చేతులు పీకేస్తున్నాయి, పట్టుకోలేకపోతన్నాను."

నవ్వులు ఆగిపోయాయి. అరిచిన కుర్రాడు రెయిలింగు వదిలేశాడు. నేను గొట్టాలు కట్టేశాను. పొగ విడిపోయి మామూలు నీళ్ళు, ఎండ. అంత అందమైన ఎండ.

ఇన్నాళ్ళూ దాన్ని "అది" అని రాశానో "ఆవిడ" అని రాశానో వెనక్కి తిప్పి చూశాను. రెండూ రాశాను. ఇకనుంచి ఆవిడ అనే రాస్తాను.

రేవు చేరాక మెషిన్ గదిలో కూర్చుని మునగలగొంది అసలు రికార్డులు తెరిచాను. నా పనికి అవి తెరిచే హక్కుంది, ఎప్పుడూ అవసరం పడలేదంతే. సిమెంటు గది గోడలో ఒక చెవి ఉంది. ఆడవాళ్ళు బుట్టలల్లుతూ కబుర్లు చెప్పుకునే చోటని అక్కడ పెట్టారు. ఊరు ఖాళీ అయిన తేదీ నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళ కిందట, ఆషాఢంలో. చివరి పడవ సాయంత్రం నాలుగింటికి కదిలిందని కాగితాల్లో ఉంది. ఒక్క ప్రాణం కూడా పోలేదని కూడా ఉంది.

ఆ గది చెవి మాత్రం మర్నాడు పొద్దున్న ఎనిమిదీ యాభై రెండు దాకా పనిచేసింది. కొండ మీద పెట్టిన రికార్డింగు స్తంభానికి శబ్దం పంపుతూనే ఉంది. ఎవరూ వినలేదు.

నేను మొదటి అరగంట విన్నాను. ఇనప తలుపు మూసిన చప్పుడు. తాళం పడిన చప్పుడు. లోపల ఏదో డబ్బా కింద పడిన చప్పుడు. తర్వాత ఆవిడ గొంతు, "ఎవరది? పడవన్నా? నేనున్నాను, విత్తనాల కోసం వచ్చాను." తర్వాత తలుపు బాదడం.

ఇంక వినలేకపోయాను.


శుక్రవారం. సెలవు.

పొద్దున్నే బంగారయ్య బాబాయి ఇంటికెళ్ళాను. పెరట్లో వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి ఎందుకొచ్చానో అడగలేదు. పీట వేశాడు.

"బాబాయ్, ఆ రోజు మునగలగొంది పడవ ఎవరు నడిపారు?"

వల కంట్లో సూది దూర్చి ముడి వేశాడు.

"నేనే."

"తాళం?"

"నేనే వేశాను. ఖాళీ చేసినోళ్ళు మళ్ళీ కొండ దిగి ఇళ్ళకొచ్చేసేవోరు. అందుకని పక్కా గదులన్నిటికీ తాళాలెయ్యమన్నాడు మాతో వచ్చిన ఆఫీసరు. ఆయన పోయాడులే ఎప్పుడో. వాన పడతంది. నీళ్ళు పెరుగుతున్నాయి. ఆ గది ఆఖరిది."

"లోపల చూడలేదా?"

"చూడలేదు."

"చప్పుడు వినబడలేదా?"

అప్పుడు ఆయన చేతిలో సూది ఆగింది.

"వినబడింది. మేకనుకున్నాను." తల అడ్డంగా తిప్పాడు. "కాదమ్మా. మేకే అయ్యుండాలనుకున్నాను. ఆఫీసరు కేకలేస్తన్నాడు. తీసి చూస్తే ఇంకో పది నిముషాలు. పరిగెట్టుకొచ్చి పడవెక్కేశాను."

పడవలో ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె మా అమ్మ ఎక్కలేదని ఏడ్చిందట. ఇంకో పడవలో ఉందిలే అని ఆయనే సముదాయించాడట. కొత్త కాలనీలో రెండు రోజుల తర్వాత లెక్క చూసుకుంటే ఒక మనిషి తక్కువ. పెనిమిటి లేని ఆడమనిషి. ఎవరితోనో అడవిలోకి పోయుంటుందని ఎవరో అన్నారు. మర్నాటికి అందరూ అదే అన్నారు. ఈయనకి తెలిసింది. నోరు విప్పలేదు.

"ఆ పిల్ల?"

"సీతాలు. అక్కడే ఉంది, కాలనీలో. ఇరవై రెండేళ్ళుగా ఆ పక్కకే పోలేదు నేను."

"ఇప్పుడు పోదాం బాబాయ్."

ఒప్పుకోలేదు. ముసలాణ్ణి, ఇంకెన్నాళ్ళుంటానన్నాడు. దణ్ణం పెట్టాడు. నాకు కోపం వచ్చింది. "లాంచీ ఎక్కిన ప్రతి మనిషీ ఆవిణ్ణి చూసి చప్పట్లు కొడుతున్నాడు. కన్నకూతురికి మాత్రం తెలీదు. వారానికి రెండుసార్లు ఆవిడ నిన్ను పిలుస్తోంది బాబాయ్. నువ్వు ఆ పైనుంచే లాంచీ నడుపుతున్నావు" అన్నాను. ఇంకా అనకూడని మాటలు కూడా అన్నాను. వచ్చేశాను.

మధ్యాహ్నం ఆయనే మా గుమ్మంలో నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు.


శనివారం. సెలవు.

కొత్త మునగలగొంది కాలనీ కొండకి యాభై మైళ్ళ దూరంలో, మిరప చేల మధ్యన ఉంది. వరసగా ఒకే రకం ఇళ్ళు. నీడనిచ్చే చెట్టు లేదు. సీతాలు ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ముప్పయ్యేళ్ళ మనిషి, గట్టి చేతులు. మిరపకాయలు ఎండబోస్తోంది. తల్లి మొహమే. ఆరేళ్ళుగా చూస్తున్న మొహం కాబట్టి నేను తడబడ్డాను.

"మీ అమ్మ గురించి మాట్లాడాలమ్మా" అన్నాను.

"నాకు అమ్మ లేదక్కా. నన్ను పడవలో వదిలేసి ఎవడితోనో పోయింది. నా పెళ్ళికి కూడా అదే మాట అన్నారు మా ఆయన తరఫోళ్ళు. ఇప్పుడెందుకు ఆవిడ మాట?"

"పోలేదమ్మా."

బాబాయి గడప అవతలే నిలబడ్డాడు. లోపలికి రాలేదు. అక్కణ్ణించే చెప్పాడు. తడుముకోకుండా, ఏడవకుండా, పెరట్లో నాకు చెప్పిందంతా చెప్పాడు. "మేకే అయ్యుండాలనుకున్నాను" అన్నది కూడా దాచలేదు.

ఆయన ఆపేశాక సీతాలు నా వైపు తిరిగింది.

"ఆ మాటలు నీ దగ్గరున్నాయా అక్కా?"

"ఉన్నాయి. వినక్కర్లేదు తల్లీ. చాలా గంటలున్నాయి."

"వింటాను."

మాటల్లేని చోట్లు దాటేసేలా చేసి పెట్టాను. తలుపు దగ్గరికి వేసుకుని ఒక్కతే వింది. మేమిద్దరం బయట ఎండలో కూర్చున్నాం. పక్కింటివాళ్ళు వచ్చారు, ఎవరో చెబితే ఇంకొంతమంది వచ్చారు. ఆ రోజు ఆ పడవలో ఉన్నవాళ్ళే చాలామంది. అడవిలోకి పోయిందన్నవాళ్ళు. ఎవరూ బాబాయిని ఏమీ అనలేదు. కూర్చున్నచోటే తలలు వంచుకున్నారు.

పొద్దు వాలుతుండగా తలుపు తీసింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"సోమవారం నన్ను ఆ పడవ మీదకి తీసుకెళ్ళక్కా" అంది.


ట్రిప్పు 21. సోమవారం. ఎగువకి.

ప్రయాణికులు నలభై ఐదు. అందులో సీతాలు ఒకరు. టిక్కెట్టు నా పేరున రాశాను. మేనేజరు మునగలగొంది దగ్గర ఇకనుంచి అరగంట ఆపమని కాగితం పంపాడు. కుర్చీలు కూడా వేయించమన్నాడు.

బాబాయి లాంచీని సరిగ్గా నడిమధ్యకి తీసుకొచ్చి నిలబెట్టాడు. నేను పొగమంచు వదిలాను. అరుగు లేచింది. పండమ్మ బుట్టతో కూర్చుని ఉంది. సీతాలు రెయిలింగు పట్టుకుంది. ఇద్దరిదీ ఒకే వయసు. అక్కచెల్లెళ్ళలా ఉన్నారు.

"కూకోండయ్యా, ఎండన పడొచ్చారు."

"అమ్మా" అంది సీతాలు. "నేను సీతాల్ని."

పండమ్మ చేతులాగాయి. ఎగాదిగా చూసింది. నవ్వింది.

"నువ్వా? మా సీతాలు ఇంతే ఉంటది" అని చెయ్యి నడుం దాకా ఎత్తి చూపించింది. "పడవెక్కించేశాను. వాన పడతంది, కొంగు కప్పాను. నేను విత్తనాలు తీసుకుని వెనకే వచ్చేస్తా."

సీతాలు రెయిలింగు మీదకి వంగిపోయింది. పక్కనున్న ఒక ముసలావిడ, ఎవరో ప్రయాణికురాలు, ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఆవిడకి ఏం అర్థమైందో నాకు తెలీదు. కుర్చీల్లో ఎవరూ కదల్లేదు.

తర్వాత పండమ్మ తలుపు వైపు తిరిగింది. నేనా క్షణానికే భయపడుతూ ఉన్నాను. "పడవన్నా, తాళం తియ్యి. నీళ్ళు గడప దాకా..."

"అమ్మా, ఇటు చూడు" అంది సీతాలు గట్టిగా.

చూసింది.

"మీ సీతాలు బాగుంది. ఒడ్డుకి చేరింది. దానికి నువ్వు పోలేదని తెలిసింది."

"చేరిందా?"

"చేరిందమ్మా."

"చలికి వణికిందా?"

"వణికింది. ఎవరో దుప్పటి కప్పారు."

పండమ్మ అలాగే చూసింది. ఆ చూపులో ఏముందో నేను రాయలేను. అది మెషినులో ఎక్కడినుంచో పుట్టిన చూపని నాకు తెలుసు. తెలిసి కూడా గొట్టాలు కట్టెయ్యలేకపోయాను. ఆవిడ తల ఊపి బుట్ట మీదకి వంగింది.

"ఆపెయ్యక్కా. మళ్ళీ పిలవకుండా ఆపెయ్యి" అంది సీతాలు. "ఇంకెవరూ చూడకూడదు."

నేను మెషిన్ గదిలోకెళ్ళాను. గొట్టాలు కట్టడం కాదు, ఆ గది చెవి పట్టిన మాటలన్నీ లాంచీలోంచి తీసేశాను. ఒక్క కాపీ సీతాలు దగ్గరుంది. రెండోది, ఆఖరి పదిహేడు గంటలది, సర్కారు ఆఫీసుకి ఇవ్వడానికి నా దగ్గర పెట్టుకున్నాను. తీసెయ్యడానికి నాలుగు నిముషాలు పట్టింది. బయటికొచ్చేసరికి పొగలో ఊరంతా ఉంది. అరుగు మీద మాత్రం ఎవరూ లేరు.

సాయంత్రం మేనేజరు ఫోన్. ఏం చేశానో చెప్పాను. రేపు భద్రాద్రి రేవులో దిగిపొమ్మన్నాడు. దిగిపోతానన్నాను. వెనకాల బాబాయి, "నన్ను కూడా తీసేసినట్టు రాసుకోమను" అన్నాడు.


నెల తర్వాత. ఆదివారం.

లాంచీ లేదు కాబట్టి ట్రిప్పు నంబరు లేదు. ఇదొక్కటీ రాసి ఈ నోట్‌బుక్ మూసేస్తాను.

బాబాయి మండలాఫీసులో వాంగ్మూలం ఇచ్చాడు. మొదటి రోజు ఎవరూ తీసుకోలేదు. ఇరవై రెండేళ్ళ కిందటి సంగతి, ఇప్పుడెందుకన్నారు. రెండో రోజూ వెళ్ళాడు. మూడో రోజు సీతాలు, కాలనీ నుంచి ముప్పై మందీ వచ్చి మెట్ల మీద కూర్చుంటే తీసుకున్నారు, నా దగ్గరున్న కాపీతో సహా. కేసు నడుస్తుందట. ఆయన జామీను అడగనన్నాడు. వయసు చూసి వాళ్ళే ఇంటికి పంపారు. చెడల పండమ్మ పేరు చనిపోయినవాళ్ళ పుస్తకంలో రాశారు. ఎప్పుడు చనిపోయిందని అడిగితే సీతాలు తేదీతో పాటు గంటా నిముషం కూడా చెప్పింది. గుమాస్తా తలెత్తి చూశాడు.

ఇవాళ కాలనీలో ఆవిడ దినం చేశారు. మనిషి పోయాక ఇరవై రెండేళ్ళకి. డప్పులు మోగించారు. ఆడవాళ్ళు పేరు పెట్టి పిలిచి ఏడ్చారు. అడవిలోకి పోయిందన్న మాట మొదట ఎవరన్నారో వాళ్ళల్లో వాళ్ళకి తెలిసే ఉంటుంది. ఒక ముసలామె సీతాలు కాళ్ళ దగ్గర చాలాసేపు కూర్చుంది.

బాబాయిని ఎవరూ పిలవలేదు. అయినా వచ్చాడు. కాలనీ మొదట్లో, మిరప చేను గట్టు మీద ఎండలో నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేను అనలేదు, అనడానికి నేనెవర్ని.

అందరికీ విస్తళ్ళు వేశారు. భోజనాలు సగమయ్యాక సీతాలు లేచింది. ఒక విస్తరిలో అన్నం, పప్పు, కోడికూర పెట్టుకుని, చెంబుతో నీళ్ళు పట్టుకుని వీధి చివరిదాకా నడిచింది. గట్టు మీద విస్తరి పెట్టింది, చెంబు పెట్టింది, నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడింది.

"తిను. తినేసి వెళ్ళు. మళ్ళీ ఇటు రాకు" అంది.

ఆయన చెప్పులు విప్పి కూర్చుని తిన్నాడు. ఆయన ఆఖరి ముద్ద తినేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది.